బర్క్‌లీ డాక్టరు ఎడ్వర్డ్ జెన్నర్: టీకా పక్కన పెడితే ఆయన చేసిన పనులేంటి?

వేపచెట్టు · పోస్టు 1

మన పాఠాల్లో జెన్నర్ కథ నాలుగు ముక్కల్లో తేలిపోతుంది. ఆవు, పాలు పితికే అమ్మాయి, ఒక కుర్రాడు, టీకా. అంతే. ఆయన ఇంగ్లండులో గ్లాస్టర్‌షైర్ ప్రాంతపు బర్క్‌లీ అనే చిన్న ఊళ్లో గుర్రమెక్కి ఇంటింటికీ తిరిగిన డాక్టరు. లండన్‌లోని శాస్త్రవేత్తల సంఘం రాయల్ సొసైటీ ఆయన్ని 1789లో సభ్యుడిగా తీసుకుంది. అప్పటికి టీకా పుట్టనే లేదు. తీసుకున్నది ఒక పక్షి మీద రాసిన వ్యాసం చూసి.

తెలిసినవాళ్లు వివరంగా రాయండి. ఆ పక్షి వ్యాసంలో అసలు ఏముంది? ఊరి వైద్యం చేసుకుంటూ ఇవన్నీ ఎలా చూశాడు? ఆ చూపుకీ టీకాకీ సంబంధం ఉందా, లేక మనం తర్వాత అతికిస్తున్నామా?

పాతకాగితం · పోస్టు 2

ముందు బతుకు సంగతి చెబుతాను, మిగతావి దాని మీదే నిలుస్తాయి.

పుట్టింది 1749 మే 17న, బర్క్‌లీలోనే. తండ్రి ఆ ఊరి చర్చి గురువు. తొమ్మిదిమంది పిల్లల్లో ఎనిమిదోవాడు. ఐదేళ్లు వచ్చేసరికి, 1754లో, తల్లీ తండ్రీ ఇద్దరూ పోయారు. పెద్దన్న స్టీఫెన్ పెంచాడు. ఎనిమిదేళ్లప్పుడు మశూచి ఎక్కించారు. అంటే రోగి పొక్కులోని రసిని కావాలని చర్మంలో పెట్టడం. దానికి ముందు కొన్ని వారాలపాటు నెత్తురు తీయడం, విరేచనాలు చేయించడం, పిల్లాడు సగమయ్యేదాకా పస్తులు పెట్టడం. ఎక్కించాక మిగతా పిల్లలతో కలిపి గుర్రాల కొట్టంలో ఉంచారు, జబ్బు తగ్గేదాకా. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

పదమూడు పద్నాలుగేళ్ల ప్రాయంలో చిప్పింగ్ సాడ్‌బరీలో డేనియల్ లడ్లో అనే సర్జన్ దగ్గర శిష్యరికం. 1770లో లండన్ వెళ్లి జాన్ హంటర్ దగ్గర రెండేళ్లు. హంటర్ ఆ కాలంలో శరీరాల్ని కోసి చూడడంలో అందరికంటే ముందున్న మనిషి. కెప్టెన్ కుక్ మొదటి నౌకాయాత్ర నుంచి ప్రకృతి శాస్త్రజ్ఞుడు జోసెఫ్ బ్యాంక్స్ తెచ్చిన నమూనాల్ని వరసపెట్టే పని జెన్నర్‌కి 1771లో దక్కింది. రెండో యాత్రకి రమ్మని పిలుపూ వచ్చింది. వెళ్లలేదు. 1772లో సొంత ఊరికి తిరిగొచ్చి ప్రాక్టీసు పెట్టుకున్నాడు.

ఆ రోజుల్లో ఊరి సర్జన్ అంటే ఎముకలు కట్టడం, పుళ్లు కోయడం, నెత్తురు తీయడం, మందులు తనే నూరి కలుపుకోవడం, అన్నీ. అందుకే టార్టర్ ఎమెటిక్ అనే వాంతి మందు మీద కూడా జెన్నర్ ఒక చిన్న పుస్తకం రాశాడు. అది యాంటిమొనీ లవణం. చేసే పద్ధతిని బట్టి ఒకసారి చేసినదానికీ ఇంకోసారి చేసినదానికీ బలం మారిపోయేది. ఒకరికి వాంతే కాదు, ఇంకొకరికి ప్రాణం మీదికొచ్చేది. ప్రతిసారీ ఒకే బలం రావాలన్నదే ఆ పుస్తకం బాధంతా.

పిట్టగూడు · పోస్టు 3

పక్షి సంగతి నేను చెబుతాను. ఇది తొందరగా చెప్పేస్తే మజా పోతుంది.

యూరప్ కక్కూ తను గూడు కట్టదు, వేరే చిన్న పిట్టల గూట్లో గుడ్డు పెడుతుంది. ఇది ఎప్పట్నుంచో తెలిసిందే. తెలియనిది ఒక్కటే: ఆ గూట్లో అసలు పిల్లలు, గుడ్లు మర్నాటికల్లా కింద పడి ఉంటాయి. పడేసేది ఎవరు? పెద్ద కక్కూ తిరిగొచ్చి పడేస్తుందని కొందరు, పెంచే తల్లే పడేస్తుందని కొందరు అనేవారు. జెన్నర్ కూడా మొదట పెంపుడు తల్లే పడేస్తుందనే అనుకున్నాడు, అలాగే రాసి 1787లో రాయల్ సొసైటీకి పంపాడు కూడా.

అదే ఏడు జూన్ 18న ఒక హెడ్జ్ స్పారో గూట్లో చూస్తే ఒక కక్కూ గుడ్డు, మూడు పిట్ట గుడ్లు. మర్నాడు చూస్తే గుడ్లు పగిలి పిల్లలయ్యాయి, కానీ గూట్లో ఉన్నవి ఒక కక్కూ పిల్ల, ఒకే ఒక పిట్ట పిల్ల. గూడు పొదల కంచె చివర్న ఉండడంతో లోపల జరిగేదంతా కళ్లకి కట్టినట్టు కనిపించింది. అప్పుడే పుట్టిన కక్కూ పిల్ల, ఒంటి మీద ఈక లేదు, కళ్లు తెరవలేదు. అది నడుము, రెక్కలు వాడి పక్కనున్న పిల్లని వీపు మీదికి తెచ్చుకుంది. మోచేతుల్లాంటి రెక్కల కీళ్లు పైకెత్తి బరువు జారకుండా పట్టింది. వెనక్కి వెనక్కి గూటి గోడ ఎక్కింది. అంచు చేరాక ఒక్క క్షణం ఆగి, ఒక్క విదిలింపుతో బయటికి నెట్టేసింది. కాసేపు అలాగే ఉండి, పని అయిందా లేదా అని రెక్కల కొసలతో తడిమి చూసి, మళ్లీ గూట్లోకి దిగింది.

జెన్నర్ అక్కడ ఆగలేదు. గూట్లో ఒక గుడ్డు పెట్టాడు. అదీ అదే తీరున బయటికి పోయింది. వేరే గూళ్లలో మళ్లీ మళ్లీ చేసి చూశాడు. పిల్ల వీపు పరిశీలించాడు: భుజాల ఎముకల నుంచి కిందికి వీపు వెడల్పుగా ఉంటుంది, మధ్యలో గుంట. గుడ్డుని గానీ పిల్లని గానీ అందులో కూర్చోబెట్టడానికి సరిపోయే గుంట. పన్నెండో రోజు వచ్చేసరికి ఆ గుంట పూడిపోయి వీపు మామూలు పిట్టలా అవుతుంది. నెట్టే తహతహ కూడా రెండు మూడు రోజుల వయసు నుంచి తగ్గుతూ పన్నెండో రోజుకి ఆగిపోతుందని రాశాడు. అవయవమూ అలవాటూ ఒకేసారి వచ్చి ఒకేసారి పోవడం చూశారా? ఆ ఒక్క గమనిక చాలు, మనిషి ఎంత ఓపిగ్గా కూర్చున్నాడో తెలియడానికి.

ఇంకో గూట్లో రెండు కక్కూ పిల్లలు ఒకేసారి పుట్టాయి. ఒకదాన్నొకటి వీపు మీదికెత్తుకుని అంచుదాకా తీసుకెళ్లడం, బరువు ఆపలేక కిందికి జారడం, మళ్లీ రెండోది ఎత్తడం. చివరికి బలమైనది గెలిచింది.

దాంతో పంపిన వ్యాసాన్ని వెనక్కి తెప్పించుకుని తిరగరాశాడు. 1788 మార్చి 13న అది సొసైటీలో చదివారు. అచ్చయ్యాక కూడా చాలామంది నమ్మలేదు. చార్లెస్ వాటర్టన్ లాంటి పేరున్న ప్రకృతి పరిశీలకుడే ఇది అసంభవం అని ఎగతాళి చేశాడు. 1872లో జెమిమా బ్లాక్‌బర్న్ తన కళ్లతో చూసి బొమ్మ గీసి ప్రచురించాక గానీ చాలామంది నోళ్లు మూతపడలేదు.

నిఘంటువు · పోస్టు 4

తెలుగులో రాసేవాళ్లకి మూడు హెచ్చరికలు. జెన్నర్ గురించిన తెలుగు వ్యాసాల్లో తరచూ తప్పేవి ఇవే.

కక్కూని కోకిల అంటే పాఠకుడికి మన నల్లకోకిల కళ్ల ముందుకొస్తుంది. అది వేరే పక్షి. నల్లకోకిల కాకి గూట్లో పెడుతుంది, దాని పిల్ల ఎక్కువగా కాకి పిల్లలతో కలిసే పెరుగుతుంది. జెన్నర్ చూసిన పక్షి బూడిదరంగుది, పొట్ట మీద చారలుంటాయి. అందుకే కక్కూ అనే రాయడం మేలు.

హెడ్జ్ స్పారో పిచ్చుక కాదు. దాన్ని ఇప్పుడు డన్నక్ అంటారు, కుటుంబమే వేరు. గుడ్లు మచ్చలేని నీలం. కక్కూ గుడ్డు చుక్కలతో ఉన్నా అది కనిపెట్టదు.

జెన్నర్ ప్రయోగం చేసిన హెడ్జ్‌హాగ్‌ని ఏదుపంది అని రాయకండి. ఏదుపంది ఎలుకల జాతికి దగ్గరిది, పొడవాటి ముళ్లు ఊడి వస్తాయి. హెడ్జ్‌హాగ్ పురుగులు తినే చిన్న జంతువు, బంతిలా ముడుచుకుంటుంది. ఇంగ్లండులో ఏదుపందులు అడవిలో లేవు.

వేపచెట్టు · పోస్టు 5

పిట్టగూడు గారూ, రాసిన వ్యాసాన్ని వెనక్కి తెప్పించుకున్నాడన్నది నాకు కొత్త. హెడ్జ్‌హాగ్ మాటొచ్చింది కాబట్టి, ఆ ప్రయోగం ఏంటో కూడా ఎవరైనా రాస్తారా?

పాతకాగితం · పోస్టు 6

హంటర్ లండన్ నుంచి ఉత్తరాలు రాస్తూనే ఉండేవాడు. హెడ్జ్‌హాగ్‌లు పంపు, కక్కూలు పంపు, సాల్మన్ చేప గుడ్లు పంపు. ఊళ్లో ఉన్న శిష్యుడి కళ్లూ చేతులూ ఆయనకి కావాలి. 1775 ఆగస్టు 2 నాటి ఉత్తరంలో ఉన్న మాట అందరికీ తెలిసిందే. నీ ఊహ సరైనదే అనుకుంటాను, కానీ ఊహించడం ఎందుకు, ప్రయోగం చేసి చూడకూడదా అని. ఆ మాట వచ్చింది హెడ్జ్‌హాగ్ గురించే.

ప్రశ్న ఏంటంటే, చలికాలమంతా నిద్రపోయే జంతువు ఒంట్లో వేడి ఎంత ఉంటుంది, తిండి లేకుండా దేని మీద బతుకుతుంది. పద్ధతి సూటిగానే ఉంటుంది, చేయడమే కష్టం. నిద్రలో ఉన్న జంతువుని వెతికి పట్టాలి, లేవకముందే చిన్న కోత పెట్టి థర్మామీటరు గుండ్రటి కొసని లోపలికి దూర్చాలి, పొత్తికడుపులో ఒకసారి, గుండె కింది పొర (డయాఫ్రమ్) దగ్గర ఒకసారి చూడాలి, అదే సమయానికి బయటి గాలి వేడి కూడా రాయాలి. గాలి 44 డిగ్రీల ఫారన్‌హీట్ ఉన్నప్పుడు నిద్రలోని హెడ్జ్‌హాగ్ పొత్తికడుపులో 45, పొర దగ్గర 48న్నర. వేసవిలో మేలుకున్నదానికి కడుపులో 95. అంటే నిద్రలో ఒళ్లు దాదాపు గాలితో పాటే చల్లబడుతుంది, గుండె చుట్టూ మాత్రం కాస్త వేడి నిలుస్తుంది.

ఇందులో తప్పు జరిగేది ఎక్కడంటే, పట్టుకుంటే చాలు జంతువు మేలుకోవడం మొదలుపెడుతుంది, వేడి నిమిషనిమిషానికీ ఎక్కుతుంది. ఆలస్యమైతే వచ్చే అంకె నిద్రది కాదు, మెలకువది. ఇంకోటి థర్మామీటర్లు. గాజువి, ఖరీదైనవి. ఒకటి పగిలాక జెన్నర్ ఇంకొకటి అడిగితే, పంపుతాను గానీ ఆ మొరటు వేళ్లతో దీన్నీ విరగ్గొట్టకు అని హంటర్ తిట్టి మరీ పంపాడు.

తీరిక సంగతి అడిగారు. వేరే తీరిక అక్కర్లేదు. సెవర్న్ నది లోయలో రోగి ఇంటికీ రోగి ఇంటికీ మధ్య మైళ్లకొద్దీ పొదల కంచెలు, పాడి పశువుల మేత బీళ్లు. వారానికి రెండుసార్లు అదే దారిన పోయేవాడికి అదే గూడు రెండుసార్లు కనిపిస్తుంది. అన్న కొడుకు హెన్రీ కూడా గూళ్లు చూసిపెట్టేవాడు.

చెరువుగట్టు · పోస్టు 7

బెలూన్ కూడా ఎగరేశాడు కదా. 1784 సెప్టెంబరు 2న బర్క్‌లీ కోట ముంగిట నుంచి, హైడ్రోజన్ నింపి. మాంగొల్ఫియే సోదరులు ఫ్రాన్సులో మొదటిది ఎగరేసిన ఏడాదికే. ఇనుప రజను మీద గంధకామ్లం పోస్తే హైడ్రోజన్ వస్తుంది. అందులో ఆమ్లపు ఆవిరి, తడి కలిసి ఉంటాయి కాబట్టి నీళ్లగుండా పంపి కడిగి సంచిలోకి ఎక్కించాలి. లేకపోతే పట్టు గుడ్డ తినేస్తుంది, బరువూ పెరుగుతుంది. ఆ సంచి పదిమైళ్ల దాకా పోయి కింగ్స్‌కోట్ వైపు దిగింది. ఆ ఊరి కేథరిన్ కింగ్స్‌కోట్‌నే 1788 మార్చిలో పెళ్లాడాడు.

కత్తిమొన · పోస్టు 8

వైద్యుడిగా ఆయన చేసిన ఒక మంచి గమనికని అందరూ దాటేస్తున్నారు. అది గుండెనొప్పి గురించి.

ఆంజైనాతో చనిపోయిన ఒకరి గుండెని అడ్డంగా కోస్తుంటే కత్తి దేనికో తగిలి మొన విరిగినంత గట్టిగా అనిపించింది. పాత కప్పు నుంచి పెచ్చు రాలి పడిందేమోనని తల ఎత్తి పైకి చూశాడట. కప్పు కాదు. గుండెకి నెత్తురు తీసుకెళ్లే ధమనులే ఎముక గొట్టాల్లా గట్టిపడి ఉన్నాయి. ఆ తర్వాత చూసిన గుండెల్లోనూ అదే వెతికి, ఆంజైనాకి కారణం ఈ ధమనులేనని నిర్ణయించుకున్నాడు.

అచ్చు వేయలేదు. ఎందుకంటే అప్పటికే గురువు హంటర్‌కి అవే లక్షణాలు మొదలయ్యాయి. ఆయన చదివితే తన జబ్బుకి మందు లేదని తెలిసిపోతుంది. స్నేహితుడు కేలబ్ ప్యారీ కూడా ఆగాడు. 1793 అక్టోబరు 16న హంటర్ పోయాడు, శవపరీక్షలో ధమనులు అలాగే గట్టిపడి కనిపించాయి. ప్యారీ 1799లో పుస్తకం వేస్తూ ఈ గమనిక జెన్నర్‌దేనని రాశాడు.

కప్పు వైపు చూసిన ఆ క్షణాన్ని రాసిపెట్టడం నాకు చాలా విలువైనదిగా అనిపిస్తుంది. తను మొదట ఏమని పొరబడ్డాడో కూడా రాశాడు. కక్కూ వ్యాసంలో చేసిందీ అదే.

వేపచెట్టు · పోస్టు 9

ఇక టీకా దగ్గరికి వద్దాం. చిన్నప్పుడు శిష్యరికంలో ఉండగా ఒక పాలమ్మాయి వచ్చి నాకు మశూచి రాదు, గోమశూచి (ఆవుల నుంచి అంటే తేలికపాటి పొక్కుల జబ్బు) వచ్చింది అంటే విని, అప్పుడే అనుకున్నాడన్న కథ నిజమేనా? బెంజమిన్ జెస్టీ అనే రైతు ముందే చేశాడని కూడా అంటారు.

కత్తిమొన · పోస్టు 10

జెస్టీ సంగతి నిజం. డోర్సెట్‌లో యెట్‌మిన్‌స్టర్ రైతు. 1774లో మశూచి ఊరిని కమ్ముకుంటుంటే భార్యకీ ఇద్దరు కొడుకులకీ ఆవు పొదుగు పొక్కు నుంచి మేజోళ్లు అల్లే సూదితో ఎక్కించాడు. భార్య చెయ్యి బాగా వాచి ప్రమాదం దాకా వెళ్లింది, తర్వాత తేరుకుంది. కాబట్టి ఆలోచన జెన్నర్ ఒక్కడి సొత్తు కాదు. గోమశూచి వచ్చినవాళ్లకి మశూచి రాదన్నది పాడి ఊళ్లలో నలుగురికీ తెలిసిన మాటే.

పాలమ్మాయి కథ జెన్నర్ చనిపోయాక జీవితచరిత్ర రాసిన జాన్ బ్యారన్ ద్వారా వచ్చింది. జెన్నర్ సొంత రాతల్లో దానికి అంత చోటు లేదు. ఆయన రాసిన దారి వేరు: ఊళ్లవాళ్లకి మశూచి ఎక్కిస్తుంటే కొందరికి ఎంత ఎక్కించినా పట్టేది కాదు. అడిగితే వాళ్లంతా ఎప్పుడో గోమశూచి వచ్చినవాళ్లు.

ఆయన 1798 పుస్తకంలో మొదటి కేసు జోసెఫ్ మెరెట్. గోమశూచి వచ్చింది 1770లో, మశూచి ఎక్కించి చూసింది 1795 ఏప్రిల్‌లో. జాన్ ఫిలిప్స్‌కి తొమ్మిదో ఏట గోమశూచి, అరవై రెండో ఏట మశూచి ఎక్కించారు, పట్టలేదు. ఏళ్ల తరబడి ఒకే ఊళ్లో ఉండి, ఎవరికి ఎప్పుడు ఏ జబ్బు వచ్చిందో తెలిసిన డాక్టరుకి తప్ప ఇలాంటి కేసులు దొరకవు. పెద్ద నగరంలో ఆసుపత్రి వైద్యుడికి రోగి చిన్నతనం ఎలా తెలుస్తుంది? వేపచెట్టు గారి మూడో ప్రశ్నకి నా జవాబు ఇదే.

జేమ్స్ ఫిప్స్ అనే కుర్రాడి (ఒక కూలివాడి కొడుకు) మీద చేసింది వరసగా చెబుతాను. 1796 మే 14. సారా నెల్మ్స్ అనే పాలు పితికే అమ్మాయికి చేతి మీద ముల్లు గీరిన చోట గోమశూచి పొక్కు లేచింది. ఆవు పేరు బ్లాసమ్. ఆ పొక్కు రసి తీసి ఎనిమిదేళ్ల జేమ్స్ ఫిప్స్ చేతి మీద రెండు గీతలు, ఒక్కోటి అర అంగుళం, చర్మం పైపొర దాటీ దాటనంత లోతు. ఏడో రోజు చంకలో నొప్పి. తొమ్మిదో రోజు కాస్త చలి, ఆకలి లేకపోవడం, తలనొప్పి. పదో రోజుకి మామూలే. జూలై 1న అసలు మశూచి రసి రెండు చేతులకీ గుచ్చి, గీసి పెట్టాడు. పట్టలేదు. కొన్ని నెలల తర్వాత మళ్లీ ఎక్కించాడు. అప్పుడూ పట్టలేదు.

లోతు ఎందుకు ముఖ్యమంటే, లోతుగా కోస్తే నెత్తురు వచ్చి రసిని కడిగేస్తుంది. ఇంకా లోతైతే పుండు చీముపడుతుంది.

చెరువుగట్టు · పోస్టు 11

ఎంతైనా, కూలివాడి కొడుక్కి కావాలని మశూచి ఎక్కించడం నాకు మింగుడు పడదు.

కత్తిమొన · పోస్టు 12

మింగుడు పడకపోవడమే సరైనది. అయితే రెండు అడుగుల్నీ విడివిడిగా చూడండి. జూలైలో చేసినది అప్పటికి ఆ దేశంలో పిల్లలకి మామూలుగా చేసేదే, జెన్నర్‌కి చిన్నప్పుడు జరిగినదే. సహజంగా మశూచి వస్తే వందకి ఇరవై ముప్పైమంది పోయేవారు, ఎక్కిస్తే ఒకరో ఇద్దరో. నష్టం ఏంటంటే, ఎక్కించుకున్న పిల్లాడు ఊరికంతా అసలు మశూచి అంటించగలడు. గోమశూచి ఆ అంటుని ఆపింది, అదే అసలు లాభం.

మే నెలలో చేసిన అడుగుకి మాత్రం ఏ హామీ లేదు. 1798 మార్చిలో జాన్ బేకర్ అనే ఐదేళ్ల పిల్లాడికి గుర్రం నుంచి అంటిన మనిషి చేతి పొక్కు రసి పెట్టాడు. ఆ పిల్లాడు తర్వాత అనాథలుండే వర్క్‌హౌస్‌లో జ్వరమొచ్చి పోయాడు. టీకా వల్లనే అని చెప్పలేం, కాదనీ చెప్పలేం. ఇది కూడా కథలో ఉండాలి.

సూక్ష్మజీవి · పోస్టు 13

గుర్రం మాటొచ్చింది కాబట్టి. మిగతావాళ్లు దీన్ని జెన్నర్ పొరపాటుగా కొట్టేస్తారు. నాకు మాత్రం ఆయన పరిశీలనల్లో ఇది చాలా లోతైనదనిపిస్తుంది.

ఫిప్స్ తర్వాత రెండేళ్లు ఆయన చేతులు ముడుచుకుని కూర్చోవాల్సి వచ్చింది, ఎందుకంటే చుట్టుపక్కల పాడి పశువుల పాకల్లో గోమశూచి మాయమైంది. 1798 వసంతం తొలిరోజుల్లో తడి ఎక్కువై గుర్రాల మడమలకి గ్రీజ్ అనే పుండు జబ్బు వచ్చింది, దాని వెనకే ఆవులకీ వచ్చింది. ఆయన గీసిన దారి ఇది: గుర్రం మడమ కడిగి మందు రాసిన మగమనిషి అవే చేతులతో పాలు పితుకుతాడు, పొదుగుకి అంటుతుంది, అక్కడి నుంచి పాలు పితికే ఆడవాళ్ల చేతులకి. ఐర్లండులో పాకలు ఎన్ని ఉన్నా ఈ జబ్బు లేదని విని, అక్కడ పాడి పనంతా ఆడవాళ్లే చేస్తారు, గుర్రాల్ని తాకిన చేతులు పొదుగు దాకా రావు అని కారణం చెప్పాడు. సూక్ష్మజీవి అన్న ఊహే లేని కాలంలో, చేతుల్ని వెతుక్కుంటూ పోవడం అది.

గ్రీజ్ అన్న మాటకింద అప్పట్లో చాలా జబ్బులు కలిసిపోయేవి, అందుకే తర్వాతివాళ్లు గుర్రం మడమల నుంచి ప్రయత్నిస్తే చాలాసార్లు పట్టలేదు. కానీ పాత టీకా నమూనాల్లో గుర్రపు మశూచి వైరస్‌కి చాలా దగ్గరివి ఈ మధ్య బయటపడ్డాయి. ఇక గోమశూచికి అసలు నెలవు ఆవు కూడా కాదు, పొలాల్లో తిరిగే ఎలుకల జాతి జీవులు. ఆవుకి అది అప్పుడప్పుడూ అంటేదే. మధ్యమధ్య మాయమవడానికి కారణం అదే.

ఇక టీకా ఎక్కడెక్కడ చెడేదో చెబుతాను.

మొదటిది, దొంగ గోమశూచి. ఆవు చన్ను మీద లేచే ప్రతి పొక్కూ అది కాదు. అసలుదానికి లేత నీలపు ఛాయ, చుట్టూ ఎర్రగా మంట. నీలం లేకుండా త్వరగా ఎండి పక్కు కడితే అది వేరే జబ్బు, రక్షణ ఇవ్వదు.

రెండోది రోజు. చేతి మీద మూడో రోజుకి చిన్న గడ్డ, ఐదో ఆరో రోజుకి మధ్యలో లొట్టపడిన నీటిపొక్కు, తొమ్మిది పది రోజులకి చుట్టూ ఎర్రటి వలయం బాగా పరుచుకుంటుంది, మూడు వారాలకి పక్కు రాలి మచ్చ మిగులుతుంది. రసి తీయాల్సింది తేటగా ఉన్నప్పుడు, ఆ ఎర్ర వలయం పరుచుకోకముందే. జెన్నర్ ఈ మాట పదేపదే చెప్పాడు. ఆ తర్వాత తీస్తే అది రసి కాదు, చీము. టీకా పట్టదు, పుండు మాత్రం పడుతుంది. వేసినవాడేమో చెయ్యి వాచింది కాబట్టి పట్టిందనుకుంటాడు.

మూడోది కల్తీ. 1799లో లండన్ మశూచి ఆసుపత్రిలో విలియం వుడ్‌విల్ పెద్ద ఎత్తున గోమశూచి వేశాడు. మశూచి రోగులున్న భవనం అది. వేయించుకున్న చాలామందికి ఒళ్లంతా పొక్కులొచ్చాయి. అసలు మశూచి కలిసిపోయిందని జెన్నర్ వాదించాడు.

నాలుగోది జెన్నర్ సొంత తప్పు. ఒక్కసారి వేస్తే జీవితాంతం చాలని పట్టుబట్టాడు. చాలదు, ఏళ్లు గడిచేకొద్దీ రక్షణ సన్నగిల్లుతుంది, మళ్లీ వేయాలి. ఫిలిప్స్ లాంటి యాభై మూడేళ్ల కేసులు ఆయన్ని ఆ నమ్మకంలోకి నెట్టాయి. పాడి పనిలో ఉన్నవాళ్లకి మధ్యలో మళ్లీ మళ్లీ అంటి ఉండొచ్చన్న సంగతికి ఆయన తగినంత బరువివ్వలేదు.

పాతకాగితం · పోస్టు 14

రసిని దూరం పంపడం గురించి రెండు ముక్కలు. దారం తడిపి ఆరబెట్టడం, ఈక కాడ మొన మీద ఎండనివ్వడం, రెండు గాజు పలకల మధ్య ఉంచడం, ఇవీ అప్పటి పద్ధతులు. ఎండ తగిలితే చచ్చిపోతుంది. వియన్నాలో జాన్ ద కారో నూలు పీచుని రసిలో తడిపి, గాజుల మధ్య పెట్టి, అంచుల్ని మైనంతో మూసి బాగ్దాద్ వైపు పంపాడు. అక్కడి నుంచి బస్రాకి, అక్కడి నుంచి చేతి నుంచి చేతికి (ఒకరి పొక్కు రసి ఇంకొకరికి వేస్తూ) బొంబాయికి. 1802 జూన్ 14న మూడేళ్ల ఆనా డస్ట్‌హాల్‌కి పట్టింది. భారతదేశంలో పట్టిన మొదటి గోమశూచి టీకా అదే. స్పెయిన్ వాళ్లు 1803లో 22 మంది అనాథ పిల్లల్ని ఓడెక్కించి, ఇద్దరిద్దరికి వంతులవారీగా వేసుకుంటూ సముద్రం దాటించారు.

చేతి నుంచి చేతికి పద్ధతిలో ఇంకో ముప్పు ఉంది. ఒక పిల్లాడి నెత్తురు కలిస్తే సిఫిలిస్ కూడా వెళ్తుంది. 1861లో ఇటలీలోని రివాల్టాలో అదే జరిగింది. తర్వాత దూడల మీద పెంచిన రసి, గ్లిజరిన్ వచ్చి ఆ ముప్పు తప్పింది.

వేపచెట్టు · పోస్టు 15

డబ్బు, పేరు వచ్చాక ఊరు వదిలేశాడా?

పాతకాగితం · పోస్టు 16

ప్రయత్నం చేశాడు. 1803లో లండన్ హెర్ట్‌ఫర్డ్ వీధిలో ఇల్లు తీసుకుని ప్రాక్టీసు పెట్టాడు, నిలవలేదు, తిరిగొచ్చేశాడు. పార్లమెంటు 1802లో పదివేల పౌండ్లు, 1807లో ఇంకో ఇరవై వేలు ఇచ్చింది. బర్క్‌లీలో ఆయన ఇల్లు చాంట్రీ. దాని తోటలో చెట్టు బెరడు తొడిగిన చిన్న గుడిసె ఉంది, పేదవాళ్లకి అందులో ఉచితంగా టీకాలు వేసేవాడు. జేమ్స్ ఫిప్స్‌కి కాపురానికి ఒక చిన్న ఇల్లిచ్చి, దాని ముందు గులాబీలు తన చేత్తో నాటాడు.

పెద్దకొడుకు 1810లో, భార్య 1815లో క్షయతో పోయారు. ఆ తర్వాత బర్క్‌లీ దాటింది తక్కువ. 1823 జనవరి 26న పక్షవాతంతో చనిపోయాడు. అంత్యక్రియలకి ఫిప్స్ వచ్చాడు.

పిట్టగూడు · పోస్టు 17

పాతకాగితం గారు ఆపినచోట ఒకటి కలపాలి. ఆయన చివరి వ్యాసం కూడా పక్షుల మీదే. వలసల గురించి. రాయల్ సొసైటీలో చదివింది ఆయన పోయిన ఏడాదే నవంబరులో, అచ్చయింది 1824లో.

అప్పట్లో చదువుకున్నవాళ్లు కూడా వానకోవెలలు (స్వాలో పిట్టలు) చలికాలం చెరువు అడుగున బురదలో నిద్రపోతాయని నమ్మేవారు. జెన్నర్ వాదన: నీళ్లలో ముంచితే అవి మిగతా పిట్టల్లాగే కాసేపట్లో చచ్చిపోతాయి. పైగా వసంతంలో కనిపించిన మొదటి రోజునే బాగా ఒళ్లు చేసి ఉంటాయి, హెడ్జ్‌హాగ్ అయితే నిద్ర లేచేసరికి చిక్కిపోయి ఉంటుంది. చూశారా, హంటర్ కోసం చేసిన పని ఇక్కడ అక్కరకొచ్చింది.

ఇక తిరిగొచ్చేవి ఆ పక్షులేనా అన్నది తేల్చడానికి, ఒక రైతు ఇంటి చూరులోంచి స్విఫ్ట్‌ అనే వలసపిట్టల్ని పట్టి పన్నెండింటికి కాలి గోళ్లు రెండేసి తీసేశాడు. మరుసటి ఏడు సాయంత్రం అవి గూట్లో సర్దుకున్నాక వెతికితే గుర్తున్నవి కొన్ని దొరికాయి. రెండో ఏడు, మూడో ఏడు కూడా. తర్వాత వెతకడం మానేశాడు.

వేపచెట్టు · పోస్టు 18

రంగు పూస్తే సరిపోదా? గోళ్లు తీయడం ఎందుకు?

పిట్టగూడు · పోస్టు 19

ఈకలు ఏడాదికోసారి రాలి కొత్తవి వస్తాయి, రంగు వాటితోనే పోతుంది. దారం కడితే కాలు కోసుకుపోతుంది, లేదా ఊడిపోతుంది. పోని గుర్తు కావాలి, అందుకే గోళ్లు. ఇప్పుడు ఎవరూ అలా చేయకూడదు. స్విఫ్ట్ నిటారు గోడని గోళ్లతోనే పట్టుకుని వేలాడుతుంది, అవి దానికి ప్రాణం. ఈనాడు తేలికపాటి అల్యూమినియం కడియం వేస్తారు, దాని మీద అంకె ఉంటుంది. స్విఫ్ట్ కాళ్లు మరీ పొట్టి, కాబట్టి ఆ కొలతకి తగ్గ కడియమే వాడాలి. జెన్నర్ పద్ధతిలో ఇంకో లోటు, పన్నెండింటికీ ఒకే గుర్తు. దొరికినది ఆ పన్నెండింటిలో ఒకటని చెప్పొచ్చు, ఏదో చెప్పలేం.

అయినా ఆ గుర్తు పనిచేసింది. ఏడేళ్లు గడిచాక అదే రైతు వంటింట్లోకి పిల్లి ఒక పిట్టని నోట కరుచుకుని వచ్చింది. కాలు చూస్తే రెండు గోళ్లు లేవు.